టీతో మింగిన మాత్ర

నాకు సంతకం చెయ్యడం వచ్చు. అదీ మా ఆయన పోయాక, ఆయన పని నాకిస్తామన్నప్పుడు వార్డాఫీసులో వేలిముద్ర వెయ్యనని పట్టుబట్టి పదిహేను రోజుల్లో నేర్చుకున్నాను. అంతకు మించి అక్షరం రాదు. ఇది నేను చెబుతున్నాను, మా లైన్లో అద్దెకున్న ఆఫీసు పిల్ల రాస్తోంది. బాగా రాస్తాను పిన్నీ అంది. బాగా వొద్దు, ఉన్నదున్నట్టు రాయమన్నాను.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. ఇప్పుడు విన్నవాళ్ళు మగమనిషి గొంతనుకుంటారు. ఫోనెత్తితే అవతలివాళ్ళు అన్నగారనుకుని దాదా అంటారు. పెళ్ళైన కొత్తలో నా గొంతు ఇలాగ లేదు. మా ఆయన పోయిన ఏడాది నుంచే ఇలాగ గీరుకుపోయింది. ఏడ్చి ఏడ్చి పోయిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఏడవలేదని కాదు, కానీ గొంతు పోయేటంత ఏడ్చే తీరిక నాకెప్పుడుంది? ఆయన పోయిన నెలరోజులకే చీపురు పట్టుకుని హాజరీలో నిలబడ్డాను.

మా లైను ఈ బెంగాలీల ఊళ్ళో, వాట్‌గంజ్‌లో, ఓడలాగే డాకు గోడకి ఇవతల. ఎదురూబొదురూ రెండు వరసల గదులు, నడుమ ఒక కాలవ. అంతా మనవాళ్ళే. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఊరూడ్చే పనిలో చేరినవాళ్ళు. మా గది పక్కదే నాకు వదిన వరస అయ్యే మనిషిది. వయసులో నాకన్నా చిన్నది, నన్నూ వదినా అనే అంటుంది. మొగుడు లారీ మీద పోతే వారానికోసారి వస్తాడు. దానికి పన్నెండేళ్ళ కూతురు. ఆ గుంట నన్ను అత్తా అంటుంది. నాకు పిల్లలు పుట్టలేదు. అది నడక నేర్చింది నా గదిలోనే. వదిన అత్తగారు మా లైనుకంతటికీ పెద్ద. అందరం ముసలమ్మా అంటాం. ముహూర్తాలు ఆవిడే చెబుతుంది, దిష్టి ఆవిడే తీస్తుంది, తిట్లు కూడా ఆవిడవే.

గొంతు తరవాత ఒళ్ళు పోయింది. మొహం ఉబ్బింది, కాళ్ళు బరువెక్కాయి. వైశాఖంలో ఊరంతా ఉక్కతో చస్తుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. జుట్టు దువ్వెనకి వచ్చేసేది. నాతోటివాళ్ళు రెండు గల్లీలు ఊడ్చి బండి నింపేసరికి నేను ఒక గల్లీలో సగం దగ్గర ఉండేదాన్ని. చీపురుకి గడ్డం ఆనించి నిలబడి ఎక్కడున్నానో మర్చిపోయేదాన్ని. మా చేత పని చేయించే సర్దారు రోజూ కేకలు. ముసలమ్మ నా చెయ్యి నొక్కి చూసి, దుక్కం లోపలికి పోయి నీరు పట్టిందే అంది. దుఃఖానికి మందేముంటుంది? అలాగే రెండేళ్ళు గడిపాను.

ఆఖరికి మా వదినే నన్ను గవర్నమెంటు ఆసుపత్రి ఔట్‌డోరుకి లాక్కుపోయింది. అక్కడ ఒక బెంగాలీ డాక్టరమ్మ. చిన్న వయసే. నా మెడ మీద రెండు వేళ్ళు పెట్టి, నీళ్ళు మింగు మాషీ అంది. మాషీ అంటే వాళ్ళలో పిన్ని. మింగాను. రక్తం తీయించింది. కాగితం వచ్చాక చూసి, మీ గొంతులో ఒక గ్రంథి ఉంది, అది పని మానేసింది అంది. గొంతు గీరుకుపోవడం, ఒళ్ళు ఉబ్బడం, చలి, మరుపు, అన్నీ దాని మూలానేనట.

నాకు నమ్మకం కుదరలేదు. కాగితంలో అంకె పెద్దదిగా ఉందని ఆవిడే అంది. పని మానేస్తే అంకె చిన్నదవ్వాలి గదా అని అడిగాను. ఆవిడ నవ్వి, మీరేం పని చేస్తారు అంది. చెప్పాను.

"మనుషులు సరిగా పనికి వచ్చిన రోజున మీ సర్దారు కేకలేస్తాడా?"

"ఎందుకేస్తాడు? బీడీ కాల్చుకుంటాడు."

"రాని రోజున?"

"చెవులు పగిలిపోతాయి."

ఆ కేకే ఈ అంకె మాషీ అంది. తలలో ఒక సర్దారున్నాడట. గొంతులో గ్రంథి పని చెయ్యకపోతే వాడు కేక పెంచుతాడు. కాగితంలో రాసింది వాడి కేక, గ్రంథి చేసిన పని కాదు. ఈ మాత్ర గ్రంథికి బద్లీ అంది. బద్లీ అంటే నాకు చెప్పక్కర్లేదు. ఒక మనిషి రాకపోతే ఆ మనిషి బదులు చీపురు పట్టుకునేవాడు. నేను మా ఆయనకి బద్లీనే.

పొద్దున లేవగానే, ఖాళీ కడుపుతో, రోజూ మింగాలి అంది. ఒక్కరోజు తప్పకూడదంది. నేను ఒక్కరోజు తప్పలేదు. కానీ ఎలా మింగానో ఇప్పుడు చెప్తాను.

మా హాజరీ తెల్లారగట్ల ఐదున్నరకి. పేరు పిలిచాక అందరం మూలనున్న టీకొట్టు దగ్గర నిలబడతాం. మట్టి ముంతలో టీ. ఆ టీ తాగకుండా ఎవరూ చీపురెత్తరు. ఎత్తితే ఆ రోజు కలిసిరాదని మా గుంపులో పట్టింపు. ఒకరు తాగకపోయినా అందరూ ఆగుతారు. నేను మాత్రని కొంగు చివర ముడేసుకుని వెళ్ళి, ఆ టీతో మింగేదాన్ని. ఖాళీ కడుపే గదా. టీ అంటే తిండా? మా లైన్లో ఎవరినడిగినా టీ అంటే నీళ్ళే. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా టీ తాగుతారు. బిస్కెట్ మాత్రం మాత్ర మింగి కొంతసేపయ్యాకే తినేదాన్ని. ఎంత పద్ధతిగా ఉన్నానో అని నాలో నేను మెచ్చుకునేదాన్ని.

మూడు నెలలకోసారి రక్తం తీసేవారు. సర్దారు కేక తగ్గేది, పూర్తిగా ఆగేది కాదు. డాక్టరమ్మ రోజూ మింగుతున్నారా అనేది. అమ్మ తోడు అనేదాన్ని. సరే అని మాత్ర బలం పెంచేది. అలా పెంచి పెంచి మొదటిదానికి మూడింతలు చేసింది. ఒళ్ళు తేలికపడింది, పని చేసుకోగలిగాను, గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇంతే నా బతుకనుకున్నాను.

తరవాత వానాకాలంలో చెత్తబండి చక్రం నా కాలి మీదుగా పోయింది. మడమ విరిగింది. పిండికట్టు వేసి రెండు నెలలు కదలొద్దన్నారు. హాజరీ లేదు, టీకొట్టు లేదు. అలవాటు కొద్దీ నాలుగున్నరకే మెలకువ వచ్చేది. మంచం పక్క చెంబులో నీళ్ళుండేవి. మాత్ర వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగి పడుకునేదాన్ని. వదిన డ్యూటీ చూసుకుని ఎనిమిదింటికి వచ్చి టీ ఇచ్చేది. ఏమీ మారలేదనే నేననుకున్నాను. మాత్ర అదే, నోరూ అదే.

నెల తిరిగేసరికి నాలో ఎవరో దీపం వత్తి పైకి తీసినట్టయింది. మొదట ఎంత బాగుందో. ఉబ్బు దిగింది. జాకెట్టు వదులైంది. మాటలు వాటంతటవే వచ్చేవి. పిండికట్టుతో మంచం మీద కూర్చుని లైనంతటికీ సలహాలు చెప్పేదాన్ని. తరవాత నిద్ర పట్టడం మానేసింది. గుండె పరిగెత్తే చప్పుడు దిండులోంచి వినిపించేది. వానలో కూడా చెమటలు. చేతులు చాచితే వేళ్ళు తీగల్లాగ వణికేవి. కాలు నొప్పి మూలాన అనుకున్నాను.

కట్టు విప్పిన పది రోజులకి మా లైన్లో అమ్మోరి పండగ వచ్చింది. ముత్తైదువులు ఘటాలు ఎత్తుకుంటారు. నేను ఆరేళ్ళుగా గోడవార కూర్చుంటున్నాను. ఎవరూ వెళ్ళమనరు, రమ్మనరు. పిల్లల చెప్పులు చూసే పని నాది. ఆ రోజూ చెప్పుల దగ్గరే ఉన్నాను. డప్పు మొదలైంది. నా గుండె ముందునుంచే కొట్టుకుంటోంది, ఆ దెబ్బకి డప్పుని అందుకుంది. ఒళ్ళంతా వణుకు. లేచి నిలబడ్డానని తెలుసు. గొంతులోంచి ఏదో కేక వచ్చిందని తెలుసు, అదీ ఈ మగగొంతు. ఇంకేమీ తెలీదు.

తెలివొచ్చేసరికి పీట మీద ఉన్నాను. నెత్తిన పసుపునీళ్ళు కారుతున్నాయి. ముసలమ్మ నా కాళ్ళు కడుగుతోంది. నుదుటి మీద ఏదో బరువుగా అనిపించి చేత్తో తడిమితే వేళ్ళకి కుంకుమ అంటుకుంది. ఆరేళ్ళ తరవాత. దాన్ని తుడుచుకోవాలని నాకు తోచలేదు. అబద్ధం చెప్పను, ఎవరైనా తుడిచేస్తారేమోనని తల పక్కకి తిప్పుకున్నాను.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న నా గది ముందు జనం. పీట వేస్తారు, వేపకొమ్మ పెడతారు. వణుకు ఎలాగూ ఉంది. డప్పు కొట్టే పిల్ల నాలుగు దెబ్బలేస్తే చాలు, గుండె దౌడు తీసేది. దొంగాట ఆడానా అంటే ఆడలేదు. నాకే తెలీదు గదా ఎందుకు వణుకుతున్నానో. అమ్మోరే అనుకున్నాను. అమ్మోరికి నాలాంటిది ఎందుకు నచ్చిందో అని ఏడ్చాను కూడా.

ఇక గుంట సంగతి. దానికి ఎనిమిదో ఏటి నుంచి షుగరు. పెద్దవాళ్ళకి వచ్చే షుగరు కాదు. ఒంట్లో తయారవ్వాల్సిన రసమే తయారవదు, పూటపూటా సూదితో ఎక్కించాలి. నాలుగేళ్ళుగా మా వదిన చేతులతోనే ఆ సూది. ముసలమ్మకి ఆ సూదంటే పగ. మనవరాలి పొట్ట మీద మచ్చలు చూసి, ఇది రోగం కాదు, మీరు పెట్టుకున్న అలవాటు అనేది. అత్తా కోడళ్ళ మధ్య రోజూ అదే గొడవ. పండగ తరవాత రెండో ఆదివారం ముసలమ్మ పీట ముందు కూర్చుని, మా గుంటకి నయమవుతాదా తల్లీ అని అడిగిందట. నేను ఆ వణుకులో అవుతాది అన్నానట. నాకు గుర్తు లేదు. కానీ పదిమంది విన్నారు. మరి అమ్మోరి మాట వచ్చేసింది, ఇంక సూది ఎందుకు, ఏ రోజు నుంచి ఆపాలో వచ్చే ఆదివారం అమ్మనే అడుగుదాం అంది ముసలమ్మ. లారీ మీదున్న కొడుకు కూడా ఫోన్లో, అమ్మ ఎలా చెబితే అలా అన్నాడు. మా వదిన సూదుల డబ్బా తీసుకుని లోపలికి పోయింది. ఆ వారమంతా నా మొహం చూడలేదు.

ఆ వారంలోనే, బుధవారం మధ్యాహ్నం, గుంట నా గుమ్మంలో కూర్చుని ఉంది. వదిన సూది వేసింది, అన్నం వండుతుండగా గ్యాసు అయిపోయింది, ఎదర వరసలో పొయ్యి కోసం పరిగెత్తింది. ఇంతలో గుంట మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. మొహం తెల్లబోయింది, నుదుటి మీద చెమట, చేతులు వణుకు. గుండె మీద చెయ్యేస్తే పక్షిలాగ కొట్టుకుంటోంది. నేను అరిచాను. వదిన వచ్చి గుప్పెడు పంచదార నోట్లో పోసి నీళ్ళు తాగించింది. కంగారు పడకు వదినా, సూదికి తగిన అన్నం పడక షుగరు దిగిపోయింది, అంతే అంది. నేను గుంట చెయ్యి పట్టుకునే ఉన్నాను. దాని చెయ్యి వణుకుతోంది, నా చెయ్యి వణుకుతోంది, ఏది ఎవరిదో తెలియనట్టు. పావుగంటకి దాని వణుకు ఆగింది. నాది ఆగలేదు.

అప్పుడే తోచింది నాకు. చెమట ఒకటే, గుండె ఒకటే, వణుకు ఒకటే. మరి దాని ఒంటి మీదకి అమ్మోరు వచ్చిందని ఎవరూ అనలేదే. పంచదార పోశారు, ఆగింది. దానికి ఒంట్లో లెక్క తప్పింది. మరి నాకు?

మర్నాడే ఔట్‌డోరుకి వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చేతులు చాచమంది. చాచిన వేళ్ళ మీద ఒక కాగితం పరిచింది. కాగితం గాలికి ఎగిరినట్టు కొట్టుకుంది, పంకా ఆపినా ఆగలేదు. నాడి చూసి, ఏం మార్చారు మాషీ అంది. ఏటీ మార్చలేదన్నాను. మాత్ర ఎలా మింగుతున్నారో మొదటినుంచి చెప్పండి, కూర్చున్న చోటు, చేతిలో ఏముందో అన్నీ అంది. కొంగుముడి చెప్పాను, టీకొట్టు చెప్పాను, మట్టిముంత చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

టీలో మాత్ర సగం కూడా ఒంటికి పట్టలేదట. పట్టకపోయేసరికి ఆవిడ బలం పెంచుకుంటూ పోయింది. ఇంట్లో నీళ్ళతో మింగినప్పటినుంచీ ఆ బలమంతా ఒక్కసారి ఒంట్లో దిగింది. ఒక మనిషి రాలేదని ముగ్గురు బద్లీలని పంపినట్టయింది అంది. ముగ్గురూ ఒక గల్లీలో చీపురుపట్టి దుమ్ము లేపుతున్నారు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే గుండె మీదకి వచ్చేది, మీ వయసుకి మంచిది కాదంది. వారం రోజులు మాత్ర ఆపమంది, తరవాత మూడింట ఒక వంతు, నీళ్ళతోనే, మింగిన గంట దాకా టీ ముట్టకూడదంది. వణుకు ఆగడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చంది. నన్ను తిట్టలేదు. నేనూ అడగలేదు టీ గురించి అంది. అది నాకు నచ్చింది.

లేవబోతూ ఒక మాట అడిగాను. ఈ గ్రంథి చిన్నప్పటినుంచే మందగించి ఉంటే, పిల్లలు పుట్టకపోవడం కూడా దీనివల్లేనా అని.

"అయ్యుండొచ్చు మాషీ, కాకపోవచ్చు. అప్పుడెవరూ మీ రక్తం చూడలేదు. ఇప్పుడు చెప్పలేను."

చెప్పలేనన్నందుకు కోపం రాలేదు. తెలుసని చెప్పేవాళ్ళనే చూశాను ఇన్నాళ్ళూ. మా అత్తగారు తెలుసనేది, నాలో దోషమనేది. రెండో మాట గుంట గురించి. పన్నెండేళ్ళ పిల్లకి సూది ఆపితే ఏమవుతుందని అడిగాను. ఎవరాపుతున్నారు అని ఆవిడ గబుక్కున తలెత్తింది. ఎవరూ ఆపడం లేదన్నాను. ఆపితే కొన్ని రోజులే బతుకుతుంది మాషీ, వారాలు కావు, రోజులు అంది. మీ మాత్ర లాంటిదే ఆ సూది, ఒంట్లో ఉండాల్సిందే బయటినుంచి ఇస్తున్నాం, మీరు మాత్ర ఆపితే ఏళ్ళు పడుతుంది పడిపోవడానికి, ఆ పిల్లకి అంత గడువు లేదు అంది.

ఆదివారం దాకా ఎవరికీ చెప్పలేదు. మాత్ర ఆపినా వణుకు అలాగే ఉంది.

ఆదివారం పొద్దున్న పీట వేశారు. పదిహేనుమంది దాకా వచ్చారు. ముసలమ్మ ఇత్తడి పళ్ళెంలో నా కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన జల్లుకుని, కుంకుమ పెట్టింది. గుంటని ముందు కూర్చోబెట్టింది. సూదుల డబ్బా పీట దగ్గర పెట్టింది. వదిన గోడకి ఆనుకుని నిలబడింది. డప్పు మొదలుపెట్టబోతే నేను చెయ్యెత్తి ఆపాను.

"తల్లీ, సూది ఏ పొద్దున్నుంచి ఆపమంటావు?" అంది ముసలమ్మ.

ఆపొద్దు అని అమ్మోరి గొంతుతోనే అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. గుంటకి సూది ఉంటుంది, నాకు పీట ఉంటుంది, ముసలమ్మకి మర్యాద ఉంటుంది. కానీ వణుకు నాలుగు వారాల్లో పోతుందని నాకు తెలుసు. వణుకుతో వచ్చిన మాట వణుకుతోనే పోతుంది. అప్పుడు ముసలమ్మ ఇంకో వణికే మనిషిని వెతుక్కుంటుంది, ఆ మనిషి ఏమంటుందో ఎవరికి తెలుసు? పైగా వెనక వరసలో ఒక పెద్దాయన ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, నన్నే అడగడానికి వచ్చాడు.

కొంగుతో కుంకుమ తుడుచుకున్నాను. నేను అమ్మోరిని కాదు అన్నాను. జరిగిందంతా చెప్పాను. మాత్ర, టీ, మడమ, నీళ్ళు, బద్లీలు. ముసలమ్మ పళ్ళెం వైపు చూసింది.

"నీ కాళ్ళు కడిగి నెత్తిన సల్లుకున్నానే. అయితే అయి టీ నీళ్ళా?"

ఎవరో నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకది కొట్టినదానికంటే ఎక్కువ. ఆరేళ్ళలో నన్ను గోడవార నుంచి పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

"మాట తప్పించుకోడానికి సెప్తన్నావు. అమ్మోరే నీ నోరు కట్టేసింది" అంది.

"కాదు ముసలమ్మా. సూడు, మాత్ర ఆపినాను. వచ్చే అమాస దాకా సూడు. ఈ వణుకు ఆగిపోతే అది మాత్ర. అమ్మోరయితే మాత్రకి లొంగుతాదా?"

"ఆగకపోతే?"

"ఆగకపోతే నీ మాటే."

అనేశాను. అందాక గానీ నాకు తెలీలేదు ఏమన్నానో. నా చేతి వణుకు మీద పిల్ల ప్రాణం పెట్టాను. వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటిదాకా సూది మాత్రం ఆపకూడదని ఒప్పించాను. ముసలమ్మ ఒప్పుకుంది. అమాస ఇంకా ఇరవయ్యారు రోజులుంది.

మర్నాడే మళ్ళీ డ్యూటీలో చేరాను. రోజూ పొద్దున డ్యూటీ నుంచి వచ్చాక గుమ్మంలో కూర్చుని చెయ్యి చాచేదాన్ని. గుంట నోటుబుక్కులోంచి కాగితం చింపి వేళ్ళ మీద పరిచేది. ముసలమ్మ పక్క గుమ్మంలోంచి చూసేది, చూడనట్టు. మొదటి వారం కాగితం ఎగిరింది. రెండో వారం కూడా. నిద్ర కొంచెం పట్టింది, గుండె దిగింది, చెయ్యి మాత్రం ఆగదు. భయంతో వణుకుతున్నానేమో అని ఇంకో భయం. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాక టీకొట్టు దగ్గర నేను టీ తాగననేసరికి మా గుంపు కూడా గొడవపడింది. నీ ఒక్కదానికోసం మేమందరం చీపురెత్తకుండా నిలబడాలా అన్నారు. అమ్మోరు దిగిపోయాక కూడా ఏటి ఈ టెక్కు అని ఒకామె అంది. చివరికి ఖాళీ ముంత చేత్తో పట్టుకుని నిలబడితే చాలన్నారు. అలాగే నిలబడేదాన్ని. మాత్ర ఇంటి దగ్గర నీళ్ళతోనే, బయల్దేరే ముందు మింగి వచ్చేదాన్ని.

మూడో వారంలో ఒకరోజు కాగితం పరిచి గుంట లేవలేదు. చుట్టూ చూసి నెమ్మదిగా అంది.

"అత్తా, నీ చెయ్యి ఆగకపోయినా నాను సూది ఏసుకుంటాను."

"ఎవులేత్తారే నీకు?"

"నానే. అమ్మ నిద్దరోతంటే ఉత్త సూదితో నేర్చుకున్నాను. మూడు దినాలయింది." పొట్ట మీద చూపించింది. "నాయనమ్మకి సెప్పకు."

అంతవరకూ ఆ పిల్ల ప్రాణం నా చేతిలో ఉందనుకుంటున్నాను. ముసలమ్మ తన నోట్లో ఉందనుకుంటోంది. మా ఇద్దరినీ అడగకుండా అది తన చేతిలోకి తీసుకుంది. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను. ఎందుకో ఆ తరవాత రోజుల్లోనే చెయ్యి నిదానించింది. మాత్ర దిగినందుకో, భయం దిగినందుకో, రెండూనో. డాక్టరమ్మలాగే నేనూ చెప్పలేనంటాను.

అమాస పొద్దున్న ముసలమ్మ తనే వచ్చింది. గుంటని పక్కకి జరిపి, కాగితం తనే పరిచింది. అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు. కాగితం కదల్లేదు. ముసలమ్మ వంగి, ఊపిరి బిగపట్టి చూసింది. నా మణికట్టు పట్టుకుని మళ్ళీ చూసింది.

"అయితే ఎల్లిపోయిందన్నమాట" అంది.

అమ్మోరు రాలేదు, కాబట్టి వెళ్ళనూ లేదని నేను వాదించొచ్చు. వాదించలేదు. ఆవిడ ఆ మాటని ఎలా మోసుకుంటుందో ఆవిడ ఇష్టం.

"ఎల్లిపోయింది. సూది?"

"నానేటన్నాను? మాట మాటే" అని లేచింది.

నాకేం బాధ లేదంటే అది కోతలు కోసినట్టే. ఆ నెల తరవాతి పేరంటానికి నన్నెవరూ పిలవలేదు. అద్దంలో నా నుదురు చూసుకుంటే ఖాళీగా ఉంది, అంతకు ముందు ఆరేళ్ళూ ఖాళీ అనిపించలేదు. లేని గౌరవం ఒంట్లో ఎక్కువైన మాత్రలాంటిదే అనుకుంటాను ఒక్కోసారి. ఉన్నన్నాళ్ళూ దౌడు తీయిస్తుంది, దిగాక గానీ అలసట తెలీదు. ఇంకోసారి అదేం కాదు, నాకు కావాల్సిన పాళ్ళలో ఎవరైనా ఇస్తే అంత ఆకలిగా మింగేదాన్ని కాదు గదా అనిపిస్తుంది. ఛాతీ నొప్పి పెద్దాయన ఆసుపత్రికి వెళ్ళాడట. వెళ్ళాడని నాకొచ్చి చెప్పలేదు, ఎవరో అంటే తెలిసింది.

ఇప్పుడు గుంట సూది తనే వేసుకుంటుంది, దాచుకోకుండా, నడి గుమ్మంలో కూర్చుని. మొదటిరోజు ముసలమ్మ మొహం గోడకి తిప్పుకుంది. నేను నా గుమ్మంలోంచి చూస్తున్నాను. సూది తీసి డబ్బాలో పెట్టేదాకా ఆవిడ అటే తిరిగి ఉంది. తరవాత లేచి లోపలికి వెళ్ళి, అన్నం కంచం తెచ్చి మనవరాలి ముందు ఠంగుమని పెట్టింది.

"బేగి తినే. ఆలిస్యం సేత్తే మల్లీ వణుకుతావు" అంది.